మామిడిపండు మోసిన నింద

మా ఇంట్లో రెండు వేసవులు మామిడిపండు మీద నిషేధం నడిచింది. పెట్టింది మా ఆయన, అమలు చేసే ఖర్మ నాది. దానివల్ల మనసు కష్టపెట్టుకున్నది మాత్రం మా ఇద్దరిలో ఎవరమూ కాదు, మా చిన్నాన్న.

ఇన్నేళ్ళ తర్వాత అది గుర్తుకు రావడానికి కారణం ఒక అమ్మాయి. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడకకి వెళ్తుంటాను. నా మోకాళ్ళ బాధ నాది, నడుము సన్నం కావాలన్న బాధ వాళ్ళది, మొత్తానికి నలుగురమ్మాయిలు నాతో కలుస్తారు. వాళ్ళలో ఒకమ్మాయి మొన్న, "ఆంటీ, పళ్ళు తింటే ఒళ్ళొస్తుందట కదా! నేను అరటిపండు కూడా మానేశాను" అంది. ఏదో త్యాగం చేసినట్టు చెప్పింది. నడక అయ్యాక అదే అమ్మాయి బండి దగ్గర నిలబడి వేడి వేడి ఇడ్లీల మీద నెయ్యీ కారప్పొడీ వేయించుకుని తింది. నేను డాక్టర్ని కాదు, నాకేం తెలుసు అని ఊరుకుందామనుకున్నాను. కానీ ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఒక్క మాట మా చిన్నాన్నని ఏడాది పాటు నా గుమ్మం తొక్కనివ్వలేదు.

నాకు నాన్న ముఖం గుర్తులేదు. నేను నడక నేర్చే వయసులోనే పోయాడట. నన్ను పెంచింది నాన్న తమ్ముడు. డెబ్బైల్లో మా చిన్నాన్న భీమిలి చుట్టుపక్కల మామిడితోటలు కౌలుకి పట్టేవాడు. పూత చూసి తోట మాట్లాడుకోవడం, కాయ దిగేదాకా పాక వేసుకుని కాపలా కాయడం, ఆ తర్వాత బుట్టలకెత్తి విశాఖపట్నం తెచ్చి అమ్ముకోవడం, ఇదీ అతని పని. తన మగపిల్లలిద్దరితో పాటు నన్నూ ఆ తోటల్లోనే తిప్పాడు. పండు కోస్తే ముందు బుగ్గ తీసి నా చేతిలో పెట్టేవాడు. టెంక తను చీక్కునేవాడు. మగపిల్లలు అలిగితే, "ఆడపిల్లరా. రేపు ఎవలింటికో ఎలిపోద్ది. మీకేటి, జన్మంతా తోటలోనే ఉంటారు" అనేవాడు. మామిడిపండుకి టెంక ఉంటుందని నాకు పెళ్ళయ్యాకే తెలిసిందని మా ఆయన ఎగతాళి చేసేవారు.

పెళ్ళి ఎనభై దాటాక అయింది. మా ఆయన పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. పోర్టు క్వార్టర్స్‌లో రెండు గదుల ఇల్లు. ఓడల్లోకి ఇనప ఖనిజం ఎత్తే రోజున ఆరేసిన బట్టలు ఎర్రగా అయిపోయేవి. నా తెల్లచీరలన్నీ ఆరు నెలల్లో గులాబీ రంగుకి తిరిగాయి. ఆయనకి ఉద్యోగం కన్నా బరువులెత్తడం మీద ప్రాణం. డ్యూటీ దిగగానే వన్ టౌన్‌లో కసరత్తులు చేసే తాలింఖానాకి పరుగు. పొద్దున్న లేస్తే ఫిషింగ్ హార్బర్ దాకా పరుగు, చేపల వేలంపాట అరుపులు వింటూ వెనక్కి పరుగు. ఇంటి వెనక రెండు డాల్డా డబ్బాల్లో సిమెంటు పోసి, నడుమ ఇనప గొట్టం బిగించి, దాన్ని ఎత్తుతూ దించుతూ ఉండేవారు. కొత్తలో ఆ చప్పుడుకి పక్కింటివాళ్ళు మేమిద్దరం కొట్టుకుంటున్నామనుకుని తలుపు కొట్టారు.

తాలింఖానా నడిపే వస్తాదు పాతబస్తీ సాయిబు. రేకు పెట్టెలు తయారుచేసే పని ఆయనది. పగలంతా రేకు మీద సుత్తి వేసి, సాయంత్రం ఈ కుర్రాళ్ళ వీపుల మీద చెయ్యి వేసేవారు. మా ఆయనకి ఆయన మాటంటే వేదం. వానలు మొదలవగానే ఏటా బరువులెత్తే పోటీలు జరిగేవి. మా ఆయన అరవై కిలోల తరగతిలో ఎత్తేవారు. ఒంటి బరువు అరవై దాటితే పై తరగతిలోకి తోసేస్తారు. అక్కడ దున్నపోతుల్లాంటి వాళ్ళుంటారు, ఈయన పప్పులుడకవు.

చిన్నాన్న పళ్ళమ్ముకోవడానికి బస్తీకి వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చేవాడు. ఎప్పుడూ ఒట్టి చేతులతో రాలేదు. ఆడపిల్ల గడపలోకి బరువుతోనే రావాలని అతని పట్టింపు. తెచ్చిన బుట్ట గుమ్మంలో దింపితేనే మంచినీళ్ళు ముట్టేవాడు. కార్తీకంలో సీతాఫలాలు, ఎండలు ముదిరాక పనస తొనలు, జీడిమామిడి పళ్ళు, వాటన్నిటికీ పైన సువర్ణరేఖ మామిడిపళ్ళు. గడ్డిలో పరిచిన సువర్ణరేఖ మాగితే తొడిమ దగ్గర ఎర్రబడి, గది గదంతా వాసన కొట్టేది. మొదటి వేసవిలో మా ఆయన ఆ బుట్ట చుట్టూ తిరిగిన తీరు చూస్తే మీరు నవ్వుతారు. "మావయ్యా, మీ అమ్మాయిని సేసుకున్నదే ఈ పళ్ళకోసం" అనేవారు. చిన్నాన్న ముఖం వెలిగిపోయేది.

మా ఇళ్ళల్లో మామిడిపండు తినే పద్ధతి మీకు తెలిసిందే. పండుని ఒట్టిగా తింటే అది తిన్నట్టే కాదు. పప్పూ కూరా చేపల పులుసూ అయ్యాక, గడ్డపెరుగు వేసుకున్న అన్నంలోకి పండు రసం పిండుకుని, కలుపుకుని, చివర్న టెంక చీకాలి. రసం మిగిలితే ఇంకాస్త అన్నం, అన్నం మిగిలితే ఇంకో పండు. కంచంలో అవి రెండూ సరిగ్గా ఒకేసారి అయిపోవడమన్నది ఎవరి ఇంట్లోనూ జరగదు. ఆ రోజుల్లో నేను ఎసట్లో ఎప్పుడూ పోసే బియ్యం మీద ఇంకో సోలెడు పోసేదాన్ని. ఎవరూ చెప్పలేదు, చేతికే తెలుసు.

రెండో వేసవి పోటీకి ముందు ఆయన రైల్వేస్టేషన్‌కి వెళ్ళి తూకం చూసుకున్నారు. అక్కడ నాణెం వేస్తే రంగు దీపాలు తిరిగి, చిన్న అట్టముక్క పడే యంత్రం ఉండేది. ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. "మీ కోరికలు శీఘ్రంగా ఫలించును" అని ఒకవైపు, అరవై దాటిన అంకె రెండోవైపు. ఆ వేళ నుంచి ఆయన పడ్డ అవస్థ చెప్పనలవి కాదు. మృగశిర కార్తె ఉక్కలో రగ్గు కప్పుకుని పరుగెత్తారు. పోటీ ముందు రోజు మంచినీళ్ళు కూడా మానేశారు. అయినా తూకంలో తప్పారు. పై తరగతిలో నిలబెడితే మొదటి బరువే భుజం దాకా వచ్చి కింద పడింది.

ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు. అంత పెద్ద మనిషి, అంత కండ ఉన్న మనిషి, పసివాడిలా ముక్కు ఎగబీల్చడం విన్నాను. నాకు చాలా జాలేసింది. కాలు నొక్కుతూ కూర్చున్నాను.

మర్నాటికి నేరస్థుణ్ణి పట్టుకున్నారు. తాలింఖానా కుర్రాళ్ళంతా కూర్చుని విచారణ జరిపారట. కిందటేడు మామిడికాలంలోనూ బరువు పెరిగింది, ఈ ఏడూ మామిడికాలంలోనే పెరిగింది. మిగతా నెలల్లో పెరగలేదు. తీపి కదా, తీపంతా కొవ్వే కదా! "మరింకేటి బావా, దొంగ దొరికేసినాడు" అన్నారట. అందులో తప్పు పట్టడానికి నాకూ ఏమీ కనపడలేదు. మామిడితో మొదలైన నేరం అరటికీ సపోటాకీ సీతాఫలానికీ అంటుకుంది. మా ఇంట్లోకి చెట్టుకి కాసిన తీపి ఏదీ రాకూడదని తీర్పు అయిపోయింది.

చిన్నాన్నకి ఇవేవీ తెలియవు. తర్వాతి వేసవిలో తోటలో మొదటి కోత అవగానే ఎప్పటిలాగే వచ్చాడు. భుజం మీద తువ్వాలు మడత, దాని మీద బుట్ట. గుమ్మంలో దింపి, ముఖం తుడుచుకుని, "అమ్మా, మంచినీల్లియ్యి. ఈ ఏడు సువర్నరేక బెల్లంలాగుంది" అన్నాడు. నేను గ్లాసు తేవడానికి లోపలికి వెళ్ళాను. వచ్చేసరికి మా ఆయన బుట్టకి అడ్డంగా నిలబడి ఉన్నారు.

"ఒద్దు మావయ్యా. పల్లు నాను మానీసేను. తింటే ఒల్లొచ్చెత్తంది."

చిన్నాన్న హాస్యమనుకుని నవ్వాడు. "మామిడిపండు తిని లావైనోన్ని నానెక్కడా సూణ్ణేదు బాబూ. నన్ను సూడండి, పుట్టినకాన్నించి తింటన్నాను. ఎముకలు లెక్కెట్టొచ్చు."

"మీరు రోజంతా తోట తిరుగుతారు. నాకు తూకముంది మావయ్యా. ఎదురుగా కనబడితే నా సెయ్యాగదు. కోప్పడకండి, తీసుకెలిపోండి."

ఆయన విసురుగా అనలేదు. బతిమాలినట్టే అన్నారు, కళ్ళు కూడా బుట్ట మీదే ఉన్నాయి పాపం. కానీ ఆడపిల్ల గుమ్మంలో దింపినదాన్ని తిరిగి ఎత్తుకెళ్ళమనడం ఎంత మాటో పట్నంలో పుట్టినవాళ్ళకి చెప్పినా అర్థం కాదు. చిన్నాన్న నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, కాసేపటికి దాన్ని తీసేయడం గుర్తొచ్చినట్టు తీసేశాడు.

"తెచ్చింది ఎనక్కి అట్టుకెల్లకూడదమ్మా. గుంటలకి పంచీయి" అన్నాడు నాతో.

నేను మా క్వార్టర్స్ వరసలోని పిల్లలందరినీ కేకేశాను. ఆయన మీద కోపం, చిన్నాన్న ముందు సిగ్గు, ఏదో ఒకటి చేసి ఆ క్షణం గట్టెక్కాలి. ఒక్కో చేతిలో రెండేసి పెట్టాను. బుట్ట అడుగున గడ్డి కనబడేదాకా పంచాను. చిన్నాన్న కదలకుండా అంతా చూశాడు. తర్వాత ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని, "మరి నానెల్తానమ్మా. బస్సెలిపోద్ది" అన్నాడు. నీళ్ళ గ్లాసు నా చేతిలోనే ఉంది. ముట్టలేదు.

ఆ తర్వాత రాలేదు. ఆ కాపంతా బస్తీకి వస్తూనే ఉన్నాడని నాకు తెలుసు, మార్కెట్లో కనబడ్డాడని ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. నా గుమ్మం మాత్రం తొక్కలేదు. కబురు పెడితే, "తీరికుండట్లేదని సెప్పు" అన్నాడట. సీతాఫలాల కాలం వచ్చింది, వెళ్ళింది. అతను రావాలంటే ఏదో ఒకటి మోసుకురావాలి. అతని చెట్లు ఇచ్చేవి పళ్ళే. ఆ పళ్ళకి మా ఇంట్లో చోటు లేదు. పండు ఒద్దంటే నువ్వొద్దన్నట్టే అయిందని నాకు అప్పుడు తెలిసింది. బీడీ వాసన, గడ్డి వాసన కలిసిన ఆ తువ్వాలు కోసం ప్రాణం కొట్టుకునేది. మధ్యాహ్నం వీధిలో ఎవరి దగ్గు వినబడినా లేచి చూసేదాన్ని.

ఇంకో కష్టం ఏమిటంటే, మా ఆయన మాట నిజమైపోయింది. ఆ వేసవిలో బరువు పెరగలేదు. తూకంలో దర్జాగా నిలబడ్డారు, మూడో స్థానం వచ్చి చిన్న కప్పు తెచ్చారు. తాలింఖానా అంతటా పళ్ళు బంద్. కప్పుని దేవుడి పటాల పక్కన పెడుతూ నా వంక చూశారు. నేను మెచ్చుకుంటానని ఆశ. మెచ్చుకున్నాను, ఎందుకు మెచ్చుకోను, ఏడాది నోరు కట్టుకున్న మనిషి. కానీ ఆ కప్పు తుడిచినప్పుడల్లా నాకు చిన్నాన్న చంకలో ఖాళీ బుట్ట కనబడేది.

ఆయన కూడా రాయి కాదు. ఒకనాడు అన్నం తింటూ తల ఎత్తకుండా, "మావయ్య రాట్లేదేటే?" అని అడిగారు.

"ఏటి తెమ్మంటారు? రాల్లా?" అన్నాను.

లేచి చెయ్యి కడుక్కున్నారు. తప్పు చేశానని తెలుసు, కానీ పండు తినొచ్చు అనడానికి నోరు రాదు. కప్పు సాక్ష్యం అక్కడ కూర్చునుంది.

ఆ పై ఏడు రంజాన్ నెల మామిడికాలంలో పడింది. అప్పటికి ఉక్కు ఫ్యాక్టరీ పనులు జోరుగా సాగుతున్నాయి, తాలింఖానా కుర్రాళ్ళలో కొందరు అక్కడ పనులకి కుదిరారు. పోటీ కూడా దగ్గరపడుతోంది. ఒక మధ్యాహ్నం బట్టలు నానబెడుతుంటే ఆయన చొక్కా మీద మరక కనబడింది. మా ఇంట్లో మరకలంటే రెండే, గ్రీజు నలుపు, ఖనిజం ఎరుపు. ఇది పసుపు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నేను తోటలో పెరిగినదాన్ని. కళ్ళకి గంతలు కట్టినా ఏ పండో చెప్పగలను.

ఆ రాత్రి ఆయన తాలింఖానా నుంచి రాగానే చొక్కా ముందు పెట్టాను.

"ఏటండీ ఇది?"

"గ్రీజే."

"గ్రీజు ఎప్పటినించి సువర్నరేక వాసనొత్తంది?"

దొరికిపోయిన దొంగ ముఖం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. స్టూలు మీద కూర్చుని, చేతులు నలుపుకుంటూ చెప్పారు. వస్తాదు రోజా ఉపవాసంలో ఉంటూనే సాయంత్రం తాలింఖానాకి వచ్చి కూర్చుంటున్నారట. మసీదులో అజాన్ వినబడగానే ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, మామిడిపళ్ళ పళ్ళేన్ని కుర్రాళ్ళ ముందుకి తోస్తున్నారట. మొదటి రోజు మా ఆయన వద్దన్నారట. "క్యా బేటా, రోజా ఇడిసే ఏల సేత్తో ఇచ్చింది కాదంటావేటి? తిను" అన్నారట ఆయన. పొద్దుటి నుంచి పచ్చి నీళ్ళు ముట్టని మనిషి, పెదవులు ఎండిపోయిన మనిషి, తను ఒక్క ఖర్జూరంతో సరిపెట్టుకుని నీకు పెడుతుంటే ఎలా కాదంటావే అని నన్నే అడిగారు.

"అయితే నెలంతా తింటన్నారా?"

"రోజూ."

నాకు వచ్చిన కోపానికి పేరు లేదు. "వస్తాదు సెయ్యి సాపితే కాదనకూడదు. మా సిన్నాన్న సెయ్యి సాపితే కాదనొచ్చేటి? ఆ ముసిలాయన అంత దూరం... భీమిలి నించి బస్సులో నిలబడి మోసుకొచ్చినాడు. మంచినీల్లైనా ముట్టకుండా ఎలిపోయినాడు. అది ఉపాసం కాదేటి?" అని అరిచాను. ఏడుపొచ్చింది. చొక్కా బకెట్లోకి విసిరేశాను. నీళ్ళు ఆయన ముఖాన పడ్డాయి. తుడుచుకోలేదు.

తర్వాత ఆయన మెల్లగా, ఎవరితోనో రహస్యం చెబుతున్నట్టు అన్నారు. "ఒకటే అర్దం కాట్లేదే. బరువు పెరగలేదు."

"ఏటీ?"

"ఆదోరం ఆదోరం టేసన్‌కెల్లి సూత్తన్నాను. బయమేసి. నెల నించి పెరగలేదు. మిసను పాడైందేమో అనీసి ఓ గుద్దు గుద్దేను. మల్లీ నానెం ఏసేను. అదే అంకె."

నా ఏడుపు ఆగిపోయింది. పండు రోజూ తింటున్నారు, బరువు పెరగడం లేదు. కిందటి కిందటేడు ఇదే పండు తిని పెరిగారు. "అక్కడ పండుతో పాటు ఇంకేటి తింటన్నారు?" అన్నాను.

"అక్కడింకేటుంటాది? పండు, మంచినీల్లు. వస్తాదోల్లు నమాజుకెలిపోతారు, మేం కసరత్తుకెలిపోతాం."

"అన్నం?"

"తాలింఖానాలో అన్నం ఎక్కడిదే?"

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. ఆయనా వెనకే వచ్చారు. పొయ్యి పక్కన అన్నం గిన్నె ఉంది. చిన్న గిన్నె. నిషేధం పెట్టిన ఏడు, పండు లేకపోయేసరికి పెరుగన్నం రెండు ముద్దల్లో ముగిసి, రోజూ అన్నం మిగిలిపోతుంటే, పెద్ద గిన్నె అటక మీద పెట్టేశాను. నాకు నేనే ఆ సోలెడు బియ్యం తగ్గించేసి రెండేళ్ళయింది. చేతికి తెలిసిన లెక్క తలకి ఎక్కలేదు. అటక మీది గిన్నెని వేలెత్తి చూపించాను. ఆయన దాన్ని చూశారు, చిన్న గిన్నెని చూశారు. పండు రసంతో జారిపోయిన ఆ అన్నం ముద్దలన్నీ ఇద్దరికీ ఒకేసారి కళ్ళ ముందు కనబడ్డాయనుకుంటాను. తప్పు అన్నానిదైతే దెబ్బలు పండు తింది.

"అన్నమా!" అన్నారు. తర్వాత ఆయనకి నవ్వొచ్చింది, నాకు రాలేదు.

"నవ్వకండి. ఆదోరం భీమిలి ఎల్తన్నాం" అన్నాను.

వెళ్ళాం. దారంతా బస్సులో ఆయన, మావయ్యతో మొదట ఏమనాలో లోలోపల చెప్పుకుంటూనే ఉన్నారు. తోటలో కోత నడుస్తోంది. పాక ముందు గోనెల మీద పళ్ళు రాశులు పోసి ఉన్నాయి. చిన్నాన్న మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఏడాదిలో ఇంకాస్త ఒంగాడు. నులకమంచం మీద తువ్వాలు దులిపి కూర్చోమన్నాడు. మర్యాదకి ఏ లోటూ చేయలేదు. కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చాడు. అన్ని పళ్ళ మధ్య కూర్చోబెట్టి, ఒక్క పండు తీసి ఇవ్వలేదు. "అల్లుడుగారు పల్లు తినరు గదా" అన్నాడు, ఎక్కడా వెటకారం లేకుండా. నేను బొండం పక్కన పెట్టేశాను.

మా ఆయన మంచం మీంచి లేచి అతని పక్కన నేల మీద గొంతుక్కూర్చున్నారు. "మావయ్యా, పండు మీద నింద ఏసేను. పండు కాదు, అన్నం. మీ పల్లట్టుకుని నాను ఆంబోతులాగ అన్నం తినీసేవోణ్ణి. ఆ మాట తెలక మిమ్మల్ని బుట్ట ఎత్తుకెల్లమన్నాను. నన్ను ఏటన్నా అనండి. రాడం మానకండి" అన్నారు. దారంతా కూడబలుక్కున్న మాటలేవీ అందులో లేవు.

చిన్నాన్న కాసేపు ఆయన్ని చూసి, పెద్దగా నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఊరుకోండి బాబూ. మీ మీద నాకు కోపమేటి? మగోడు పట్టుదలట్టినాడు, ఒద్దన్నాడు, బాగానే ఉంది. పైల్వాను మా యింటి అల్లుడని నలుగురికీ సెప్పుకున్నాను గూడా."

"మరెందుకు రాలేదు సిన్నాన్నా?" అన్నాను నేను.

అతను నా వైపు తిరగలేదు. గోనె మీద పళ్ళని అటూ ఇటూ సర్దుతూ చెప్పాడు. "ఆ బుట్ట అల్లుడుగారి కోసం మోసుకొచ్చేనేటమ్మా? ఆయన ఒద్దన్నారు, సరే. గుంటలకి పంచీమన్నాను, పంచీసేవు. అదీ సరే. అడుగుదాకా పంచీసేవు. ఒక్క పండు నీకు ఉంచుకుంటావేమో అని సూసేను. ఉంచుకోలేదు. నా గుంట నా సెట్టు పండు మర్సిపోనాది, ఇంకెందుకు ఎల్లడం అనుకున్నాను."

నిషేధం ఆయనకి. నన్ను ఎవరూ తినొద్దనలేదు. ఆ రెండేళ్ళలో నేను పండు ముట్టలేదన్న సంగతి ఆయనకి తట్టలేదు, నాకూ తట్టలేదు. ఇంట్లో మగవాడు మానేస్తే ఆ వస్తువు ఇంటికే అక్కర్లేనిదైపోయింది, అంతే. నేను తోటలో బుగ్గ తిని పెరిగిన పిల్లనని లోకంలో ఒక్క మనిషికే గుర్తుంది. అతను గుమ్మంలో నిలబడి, ఖాళీ అవుతున్న బుట్టలోకి చూస్తూ ఆ ఒక్క పండు కోసం ఎదురుచూశాడు. మా ఆయన తల దించుకున్నారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను, చిన్నపిల్ల ఏడ్చినట్టు, ముక్కు చీదుకుంటూ.

చిన్నాన్న గోనె మీంచి ఒక సువర్ణరేఖ ఏరాడు. తొడిమ దగ్గర వాసన చూశాడు. మొలలోంచి కత్తి తీసి, తువ్వాలుకి తుడిచి, బుగ్గ కోసి నా చేతిలో పెట్టాడు. తిన్నాను. రెండో బుగ్గ కోశాడు. మా ఆయన అలవాటుకొద్దీ చెయ్యి చాపారు.

చిన్నాన్న ఆ చేతిని మెల్లగా పక్కకి జరిపాడు. "ఉండండి బాబూ. ముందు దాన్ని తిననీండి" అన్నాడు.